గృహయంత్రములు: నిలిపిన కారున నిలువని విద్యుత్తు

ఈ శీర్షిక క్రింద మేము ఇంతవరకు కుట్టుమిషనును గూర్చియు, గ్రైండరును గూర్చియు, బావి మోటారును గూర్చియు వ్రాసియుంటిమి. కారును గూర్చి వ్రాయుదుమని మే మెన్నడును తలపలేదు. అది మగవారి సొత్తనియు, దాని బానెట్టు క్రింద నేమున్నదో మనకు పనిలేదనియు అందఱివలెనే మేమును అనుకొనియుంటిమి. గడచిన కార్తికమాసమున మా యింట జరిగిన యొక సంగతి ఆ తలపును మాన్పినది. అందులో మా తప్పును కొంత యున్నది గనుక దాచక వ్రాయుచున్నాము.

మేముండునది ముదిగుబ్బ. ఎఱుగని సోదరీమణుల కొఱకు చెప్పుచున్నాము: అనంతపురమునుండి కదిరికి పోవు బాటలో, ధర్మవరము–పాకాల రైలుమార్గముమీద నున్న యూరు. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాలను విడదీసినప్పుడు అనంతపురము జిల్లానుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనికి వచ్చినది. జిల్లా పేరు మాఱినను నేల మాఱలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, ఎఱ్ఱని నేల, వేరుశనగ చేలు, వాన రాకున్న కఱవు. ఇచ్చట రాత్రివేళ ప్రాణముమీదికి వచ్చినచో కదిరికో, ధర్మవరమునకో, అనంతపురమునకో పోవలసినదే. కావున మావంటి యిండ్లలో కారు షోకునకు కొన్నది కాదు. అవసరమునకు కొని, అప్పు తీర్చుకొనుచున్నది.

ఆ మాసమున మా పెద్దమ్మాయి పురిటికి వచ్చియుండెను. వైద్యురాలు చెప్పిన తేదీకి ఇంకను పండ్రెండు దినములున్నవి. కల్లములో కాయ యుండుటచేత ఇంటివా రెవ్వరును ఎక్కడికిని కదలలేదు. కారు నాలుగు దినములు వాకిట వేపచెట్టు క్రింద నిలిచియుండెను. అయిదవనాడు తెల్లవాఱుజామున రెండుగంటలకు అమ్మాయికి నొప్పులు వచ్చినవి. సంచి సర్దితిమి, దుప్పట్లు తీసికొంటిమి, అమ్మాయిని మెల్లగా నడిపించి వెనుక సీటులో కూర్చుండబెట్టితిమి. మా యింటివారు తాళము త్రిప్పిరి. టకటకమని నాలుగు సారులు సద్దు చేసి, ముందు దీపములు మినుకుమని, అంతయు నాఱిపోయినది. సెల్ఫు కొట్టలేదు. ఇరుగుపొరుగువారు వచ్చి త్రోసిరి. వెనుకటి కార్లు త్రోసిన నడచెడివట; నేటి కార్లలో పెట్రోలు చిమ్ముటకును, నిప్పురవ్వ పుట్టించుటకును సైతము విద్యుత్తే కావలయును గనుక, బ్యాటరీ పూర్తిగా వట్టిపోయినప్పుడు ఎంత త్రోసినను ఫలము లేదు. ఈ సంగతి ఆ రాత్రి మాకు తెలియదు. పావుగంట వృథాయైనది. ఆ పావుగంటను మేము జన్మలో మఱవము.

ఎదురింటివారి చిన్న సరకుల బండిలో పఱుపు వేసి అమ్మాయిని కదిరికి చేర్చితిమి. సూర్యోదయమునకు ముందే ఆడపిల్ల పుట్టినది. తల్లియు బిడ్డయు క్షేమము. దైవము మేలుచేసినది; కారు కాదు.

ఇంటికి వచ్చిన పిమ్మట నిక మాట పుట్టినది. బ్యాటరీ ఎందుకు వట్టిపోయినది? ఇట్టి ప్రశ్నకు ఇంటింట దొరకు సమాధాన మొక్కటే: ఎవరో దీపము ఆర్పక విడిచినారు. ఎవరు? కారు నడపు కుఱ్ఱవాడు. వాడు సాయంకాలములందు కారులో కూర్చుండి పాటలు వినుచుండుట ఒకటి రెండు సారులు చూచితిమి. అంతే సాక్ష్యము. “అమ్మా, ఆ నాలుగు దినాలు నేను కారు తలుపే తీయలేదమ్మా, నమ్మితే నమ్మండి” అని వాడు చెప్పినను ఎవరును వినలేదు. మేమును వినలేదు. నెల జీతము చేతిలో పెట్టి, ఇక రావలదని చెప్పిరి. వాని భార్య మా యింటి ముందునుండి నీళ్లకు పోవుచు తల వంచుకొని పోయెడిది.

బ్యాటరీకి మూడేండ్లు నిండినవి. అమ్ముకొను దుకాణమువారు “ఈ ఎండలకు మూడేండ్లు వచ్చుటే ఎక్కువ” అనిరి. ఆ మాట అబద్ధము కాదు. వేడి యెక్కువైన కొలదిని బ్యాటరీ లోపలి సీసపు పలకలు త్వరగా తినివేయబడును, నీరు త్వరగా ఆవిరియగును. నలువది డిగ్రీలు దాటు మా వేసవిలో, చల్లని ప్రదేశములలో నున్నంత కాలము బ్యాటరీ బ్రదుకదు. సరియని క్రొత్త బ్యాటరీ వేయించితిమి. బిడ్డను చూడ వచ్చుపోవు బంధువులతో రెండు వారములు కారు నిత్యము తిరిగినది. ఏ యిబ్బందియు లేదు. పిమ్మట ఆఱు దినములు నిలిచినది. ఏడవనాడు మఱల టకటక.

అప్పుడు మా మనస్సులో ముల్లు గ్రుచ్చుకొన్నట్లయినది. బ్యాటరీ క్రొత్తది. కుఱ్ఱవాడు లేడు. తాళపుచెవి ఆ ఆఱు దినములును మా బీరువాలో, మా చీరల మడతలలో నున్నది. మఱి దీపము ఆర్పక విడిచిన దెవరు?

ఇచ్చట కథను కొంచెము నిలిపి, బ్యాటరీ యన నేమో రెండు మాటలు చెప్పెదము. ఫ్రాన్సు దేశమున గాస్టన్ ప్లాంటే యను నాతడు 1859లో సీసపు రేకులను గంధకామ్లములో ముంచి, విద్యుత్తును నిలువచేసి మఱల తీసికొనవచ్చునని చూపెను. 1881లో కామిల్ ఫోర్ ఆ రేకులకు సీసపు భస్మమును ముద్దగా పూయు పద్ధతి కనిపెట్టెను. నేటి కారులోని బ్యాటరీ మూలమున అదే. తిరుపతి దగ్గఱి కరకంబాడిలో 1985లో స్థాపింపబడిన అమరరాజా కర్మాగారము మొదలుకొని లోకమంతట తయారగునవియు ఆ సీసము, ఆ ఆమ్లముల సంతతియే.

అయితే తొలినాటి కార్లకు బ్యాటరీతో అంత పని యుండెడిది కాదు. ఇంజను ముందు నొక యినుప పిడి పెట్టి, బలము కొలది త్రిప్పి నడిపించెడివారు. పిడి వెనుకకు తన్నిన చేతి యెముక విఱిగెడిది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అను నింజనీరు విద్యుత్తుతో ఇంజను త్రిప్పు సాధనమును సిద్ధపఱుపగా, 1912లో కాడిలాక్ కార్లకు దానిని అమర్చిరి. చేతిబలము లేని వారును, ముఖ్యముగా స్త్రీలును, ఒకరి సాయము లేక కారు నడుపుటకు వీలైన దప్పటినుండియే. మనకు స్వేచ్ఛ నిచ్చిన ఆ సాధనమే మనలను బ్యాటరీకి కట్టివేసినది. అది వట్టిపోయిన నాడు ఎంతటి కారైనను ఎద్దు లేని బండి.

మా పెనుకొండ దగ్గఱి ఎఱ్ఱమంచిలో 2019 నుండి కియా కార్లు తయారగుచున్నవి గనుక, మా ప్రాంతమున కారును గూర్చి మాటలాడనివారు లేరు. మా కారు అచ్చటిది కాదు, అంతకు ముందరిది. దాని పేరుతో మనకు పనిలేదు. ఈ తెగులు ఏ కారుకైనను రావచ్చును.

మా చిన్నమ్మాయి పాలిటెక్నిక్కులో విద్యుచ్ఛాస్త్రము చదువుచున్నది. సెలవులకు వచ్చినప్పుడు ఈ గొడవ విని, “అమ్మా, పాలు తఱిగినవి. కుండకు చిల్లియా, పిల్లి త్రాగినదా? అది తేల్చక పిల్లను కొట్టితిరి” అని నవ్వినది. మాకు నవ్వు రాలేదు. కాని ఆ మాటలోనే శోధనక్రమ మంతయు నున్నది. కుండ యన బ్యాటరీ. చిల్లి యన బ్యాటరీలోనే దోషము. పిల్లి యన కారులో మనకు తెలియకుండ విద్యుత్తును త్రాగుచున్న దేదో యొకటి. మూడవది కూడ నున్నది: అసలు పాలు సరిగా పోసితిమా? అనగా ఇంజను నడుచునప్పుడు డైనమో బ్యాటరీని నింపుచున్నదా?

ఇందులకు కావలసిన పనిముట్టు మల్టీమీటరు. కొన్ని వందల రూపాయలకు విద్యుత్సామానుల దుకాణమున దొరకును. ఎఱ్ఱతీగ యొకటి, నల్లతీగ యొకటి, నడుమ అంకెలు చూపు పలక. వోల్టులు చూచుట కష్టము కాదు: ఎఱ్ఱతీగను బ్యాటరీ ధన ధ్రువమునకు, నల్లతీగను ఋణ ధ్రువమునకు తాకించవలయును. కారు కొన్ని గంటలు నిలిచిన పిమ్మట 12.6 వోల్టులున్న బ్యాటరీ నిండుగా నున్నట్లు, 12.2 అయిన సగము. 12కు దిగిన నమ్మరాదు. ఇంజను నడుచుచుండగా 13.8 మొదలు 14.5 వఱకు నున్న డైనమో తన పని చేయుచున్నట్లు. ఎదురింటివారి బ్యాటరీకి తీగలు కలిపి మా ఇంజను నడిపించి చూడగా 14.2 చూపినది. పాలు సరిగా పోయుచునే యున్నాము.

ఇక కుండ. బ్యాటరీని తీసి దుకాణమున నొక రాత్రి యంతయు చార్జి చేయించి, ఇంటికి తెచ్చి, తీగలేమియు తగిలింపక, వసారాలో పిల్లలకు అందని యెత్తున రెండు దినములు ఉంచితిమి. మొదట 12.64. రెండు దినముల పిమ్మట 12.61. కుండకు చిల్లి లేదు. ఈ పరీక్షకు ఎవరి సాయమును అక్కఱలేదు. బ్యాటరీ తీయకున్నను దాని నల్లతీగ నూడదీసి యుంచిన చాలును. తీగ యూడదీసినను వోల్టులు దిగజాఱిన దోషము బ్యాటరీది. నిలిచిన, దోషము కారుది. బ్యాటరీ మార్పింపుమని ఎవరైన చెప్పినప్పుడు, వేల రూపాయలు ఖర్చు పెట్టుటకు ముందు ఈ రెండు దినముల ఓపిక పట్టుడని సోదరీమణులకు మా మనవి. మేము పట్టలేదు. పాతది నిజముగా చెడినదో లేదో ఇప్పుడు తెలిసికొను దారియును లేదు. దానిని మార్పులో ఇచ్చివేసితిమి.

మిగిలినది పిల్లి.

ఆమాటకు వచ్చిన, నిలిచియున్న కారు పూర్తిగా నిద్రపోదు. గడియారము నడువవలయును, తాళపుచెవి బొత్తము నొక్కిన వినవలయును, దొంగ వచ్చిన అఱవవలయును. ఇంటిలో అందఱును పండుకొన్నను ముసలి యవ్వ యొకతె మేల్కొని యున్నట్లు, కారులో కొన్ని చిన్న చిన్న భాగములు సదా మెలకువతో నుండును. వానికి కావలసినది చాల స్వల్పము. బాగున్న కారులో సాధారణముగా 50 మిల్లీఆంపియర్లకు, అనగా ఆంపియరులో ఇరువదవ వంతునకు, మించదు. దానిని కొలుచుట యెట్లన, బ్యాటరీ నల్లతీగ నూడదీసి, ఊడిన తీగకును బ్యాటరీ ధ్రువమునకును నడుమ మీటరును వంతెనగా పెట్టవలయును. కారు త్రాగు ప్రతి చుక్కయు ఆ వంతెనమీదుగానే పోవలయును. మీటరు లెక్క చెప్పును.

ఇచ్చట కొన్ని జాగ్రత్తలు. చేతికున్న లోహపు గాజులు, ఉంగరములు తీసివేయుడు. మెడలోని గొలుసును, తాళిని రవికలోనికి దోపుకొనుడు. వ్రేలాడు బంగారుగొలుసు బ్యాటరీ ధ్రువములకు నడుమ తగిలిన క్షణములో ఎఱ్ఱగా కాలును. నల్లతీగనే మొదట తీయవలయును, మఱల బిగించునప్పుడు దానినే కడపట బిగింపవలయును. ఎఱ్ఱతీగ విప్పునప్పుడు పానా కారు ఇనుమునకు తగిలినను నిప్పు రాకుండుట కిదియే కారణము. చార్జియగుచున్న బ్యాటరీనుండి మండు వాయువు వెలువడును గనుక దగ్గఱ దీపము, అగ్గిపుల్ల, బీడీ పనికిరావు. లోపలి ఆమ్లము కంటికిని, బట్టకును శత్రువు. మీటరు తీగను 10 ఆంపియర్ల రంధ్రమున పెట్టవలయును. మీటరు వంతెనగా నున్నంతసేపు తాళము త్రిప్పి ఇంజను నడుపజూడరాదు, త్రిప్పిన మీటరు లోపలి ఫ్యూజు పోవును. తీగ తీసినందువలన కారు గడియారము, రేడియోలో గుర్తుంచుకొన్న స్టేషనులు పోవచ్చును. అది చిన్న నష్టము.

ఆదివారమునాడు మధ్యాహ్నభోజనమైన పిమ్మట పని మొదలుపెట్టితిమి. బానెట్టు తెఱచియుంచి, ఫ్యూజుల పెట్టె చేతికందుటకు డ్రైవరు ప్రక్క తలుపును తీసియుంచి, దాని గొళ్లెమును స్క్రూడ్రైవరుతో నొక్కి మూసితిమి. తలుపు మూసియున్నదని కారును నమ్మించుట కిది యుపాయము. లేనిచో తలుపు తెఱచి యున్నంతసేపు లోని దీపములు వెలుగును, కారు మేల్కొనియే యుండును, లెక్క తప్పును. డిక్కీ మూసితిమి. తాళపుచెవిని ఇంటిలోనికి పంపితిమి. మీటరు కలుపగానే మూడు ఆంపియర్లకు పైగా చూపినది. మేము “ఇదిగో దొంగ!” అంటిమి. చిన్నమ్మాయి “ఉండుము, ఇంకను నిద్రపట్టలేదు” అన్నది. తీగ కలిపినప్పుడు కారులోని యంత్రములన్నియు ఒక్కసారి మేల్కొనునట. అవి మఱల పండుకొనుటకు అర్ధగంటయైనను, ఒక్కొక్క కారులో గంటయైనను పట్టును. చాలమంది ఈ యోపిక లేక, మొదటి అంకెను చూచియే తప్పుడు నిర్ణయము చేయుదురట. మే మాలోగా వేరుశనగకాయలు ఒలుచుచు కూర్చుంటిమి. అంకె ఒకటిన్నరకు దిగినది, పిమ్మట ముప్పావుకు, పిమ్మట 0.45 దగ్గఱ నిలిచి, మఱి దిగలేదు. గంట గడచినను 0.45.

ఉండవలసినది 0.05 లోపల. ఉన్నది దానికి తొమ్మిది రెట్లు. కాకిలెక్క వేసితిమి: 0.45 ఆంపియర్లు, ఇరువదినాలుగు గంటలకు 10.8 ఆంపియరు-గంటలు. మా బ్యాటరీ 45 ఆంపియరు-గంటలది. నిండుగా నున్నను నాలుగు దినములకు వట్టిపోవలసినదే. ఇంజను త్రిప్పు బలము అంతకు ముందే పోవును. పురిటినాటి నాలుగు దినములు, మొన్నటి ఆఱు దినములు, రెండును లెక్కకు సరిపోయినవి. నిత్యము తిరిగిన వారములలో ఏ యిబ్బందియు ఏల రాలేదో అదియు తెలిసినది: రాత్రి పోయినదానిని పగలు డైనమో మఱల పోయుచుండెను. ఇంతకాలము మేము “నిలిపిన కారు ఎవరిదైనను అంతే” అని సరిపెట్టుకొంటిమి. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను విధించినప్పుడు వారములకొలది నిలిచిన కార్లనేకములు కదలకపోయిన మాట మనమెల్లరము ఎఱిగినదే కదా. కాని వారములు వేఱు, నాలుగు దినములు వేఱు. ఆ భేదమును అంకె చెప్పినది. మా నోళ్లు చెప్పలేదు.

పిల్లి యున్నదని తేలినది. ఏ గదిలో నున్నదో వెదకుటకు ఫ్యూజు లున్నవి. ఫ్యూజనగా ఒక్కొక్క గదికి ఒక్కొక్క తలుపు. ఒక దానిని పెఱికి మీటరు చూడవలయును, అంకె కదలకున్న దానిని స్వస్థానమున పెట్టి మఱియొకటి పెఱుకవలయును. కలగాపులగము కాకుండ మొదటనే ఫ్యూజుల పెట్టెకు సెల్‌ఫోనుతో ఫొటో తీసికొంటిమి. హారను ఫ్యూజు, కదలలేదు. వైపరు, లేదు. రేడియో ఫ్యూజు తీయగా 0.44 అయినది, అది దాని న్యాయమైన వాటా. కుఱ్ఱవాని పాటలమీద మోపిన నిందకు విలువ ఆంపియరులో నూఱవవంతు! పదునొకండవది లోపలి దీపముల ఫ్యూజు. దానిని పెఱుకగానే అంకె 0.03కు పడిపోయినది.

ఇద్దఱము ఒకరి మొగ మొకరము చూచుకొంటిమి.

ఆ ఫ్యూజుమీద నున్నవి రెండు దీపములు: పైకప్పు దీపము, డిక్కీ దీపము. పైకప్పు దీపము ఆఱియున్నట్లు అద్దములోనుండి కనబడుచునే యున్నది. డిక్కీ మూయగా లోపలి దీపము ఆఱినదో లేదో చూచు టెట్లు? రిఫ్రిజిరేటరు తలుపు మూసిన పిమ్మట దీపమారునా యని చిన్నపిల్ల లడుగు ప్రశ్న యిదే. మా చిన్నమ్మాయి సెల్‌ఫోనును వీడియో తీయునట్లు పెట్టి, డిక్కీలో నుంచి మూసి, రెండు నిమిషముల పిమ్మట తెఱచినది. వీడియో చూచితిమి. మూతపడునప్పటి చప్పుడు వినబడినది. దీపము ఆఱలేదు. రెండు నిమిషములును, పట్టపగలువలె, ఖాళీ డిక్కీలో, స్టెప్నీ చక్రమునకు తప్ప ఎవ్వరికిని పనికిరాకుండ వెలుగుచునే యున్నది.

అయిదు వాట్ల చిన్న దీపము. అయిదును పండ్రెండుచే భాగించిన సుమారు 0.42 ఆంపియరు. 0.45నుండి 0.03 పోగా మిగిలిన దదియే. అంకెలు ఇంత చక్కగా సరిపోవుట మేము పద్దులపుస్తకములో కూడ తఱచుగా చూడలేదు.

ఎందువలన ఆఱలేదు? డిక్కీ యంచున బొత్తమువంటి స్విచ్చి యొకటి యుండును. మూత పడినప్పుడు దానిని నొక్కును, దీపము ఆఱును. మా కారున ఆ స్విచ్చి నమర్చిన సన్నని రేకు లోపలికి వంగియున్నది. మూత పడుచున్నది గాని బొత్తమును తాకుటలేదు. వంగిన దెప్పుడు? దానికి ఎఱ్ఱమన్నును, వేరుశనగ పొట్టును అంటియున్నవి, చెప్పనక్కఱలేదు. కోతలప్పుడు విత్తనపు కాయలమూటలు రెంటిని, బండి దొరకలేదని, మా యింటివారు డిక్కీలో వేయించిరి. మూత పడకున్న మోకాలితో నొక్కి మూయించిరి. “సార్, డిక్కీ చెడుతుంది, ట్రాక్టరు వచ్చేదాకా ఉందాం” అని ఆనాడు చెప్పినవాడు ఆ కుఱ్ఱవాడే. వాడు చెప్పుట మేము విన్నాము. మూటలు లెక్కపెట్టుచు ప్రక్కనే యుంటిమి.

పట్టుకారుతో రేకును నిలువుగా వంచుటకు రెండు నిమిషములు పట్టినది. ఖర్చు లేదు. మఱల సెల్‌ఫోను లోపల పెట్టి మూయగా ఈసారి వీడియో అంతయు చీకటి. మీటరు 0.03 చూపినది. ఆ లెక్కను దినమునకు 0.72 ఆంపియరు-గంట, నెలకు ఇరువది యొకటిన్నర. అనగా బాగున్న కారును నెల దినములు కదల్పకున్న సగము బ్యాటరీ పోవును. కావున బెంగుళూరునకో, కాశికో నెల దినములు పోవువారు నల్లతీగ నూడదీసి పోవుట మేలు. అది చేతకాకున్న, వారమున కొకసారి అరగంటయైనను కారును నడిపించుటకు ఎవరికైన అప్పగింపుడు. వాకిట నిలిపి ఇంజను అయిదు నిమిషములు తిరుగనిచ్చి ఆపుట వలన పెద్ద లాభము లేదు. ఇంజను త్రిప్పుటకు పోయినది మరల నిండుటకు సైతము కొంత దూరము నడువవలయును.

అందఱి యింటను పిల్లి డిక్కీలోనే యుండదు. తరువాత కొన్న కెమెరా, పాటల పెట్టెకు తగిలించిన ఆంప్లిఫయరు, కారెక్కడ నున్నదో తెలుపు ట్రాకరు, ఇవి తగిలించువారు సులభముగా నుండునని ఎల్లప్పుడు విద్యుత్తు వచ్చు తీగకే కలిపి పోవుదురు. కారున క్రొత్తగా ఏది తగిలించినారో జ్ఞాపకము చేసికొని మొదట దానిని అనుమానించుట మంచిది. అంటుకొనిపోయిన రిలే యొకటి యుండవచ్చును. ఫ్యూజులన్నియు పెఱికినను అంకె దిగకున్న, డైనమో లోపలి డయోడు చెడి విద్యుత్తు వెనుకకు పోవుచుండవచ్చును; అది మెకానిక్కు పని, మన చేతిది కాదు. కాని “ఇంత పోవుచున్నది, ఫ్యూజులన్నియు చూచితిమి” అని అంకె చెప్పి అడిగిన, మెకానిక్కు సైతము వేఱు విధముగా మాటలాడును. ఇది మా యనుభవము.

ఆ సాయంకాలమే మా యింటివారును మేమును కుఱ్ఱవాని యింటికి పోతిమి. మనిషిని పంపుదమనిరి, మేము వలదంటిమి. పంపివేసినప్పుడు ఇంటిముందు నిలుపుకొని మాటలాడితిమి గదా. వాని భార్య చాప వేసినది. మా యింటివారు సంగతి యంతయు చెప్పిరి, మూటల మాటతో సహా. వాడు చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, “డిక్కీ లైటా సార్!” అని మాత్రమే అన్నాడు. అప్పటికే వేఱొకచోట ట్రాక్టరు నడుపుచున్నాడు. కోతలు ముగియువఱకు మాట తప్పనన్నాడు. సంక్రాంతి ముందు వచ్చి చేరినాడు. పోయిన రెండు నెలల జీతమును ఇచ్చితిమి. మొదట పుచ్చుకొనలేదు, మనుమరాలి పేరు చెప్పి ఇచ్చిన పిమ్మట పుచ్చుకొన్నాడు. వాని భార్య ఇప్పుడు మా వాకిట నిలిచి మాటలాడుచున్నది గాని మునుపటివలె కాదు. అందులకు ఆమెను మేము తప్పుపట్టము.

మల్టీమీటరు మా వంటింటి అలమరలో, పోపులపెట్టె ప్రక్కన నున్నది. మొన్న ఎదురింటివారి కోడలు వచ్చి, వారి సరకుల బండి రెండు దినములు నిలిచిన కదలకున్నదని దానిని అడిగి తీసికొనిపోయినది. గంట యోపిక పట్టుమని చెప్పి, ఒలుచుకొనుటకు కాయలు కూడ ఇచ్చి పంపితిమి.